అత్తగారి కంటి చుక్కలు: ముందు ఆయాసం సంగతి చూడండి

ప్రశ్న: అమ్మా, మాది చెన్నైలో పెరంబూరు. మా అత్తగారికి 67 ఏళ్ళు. మామగారు పోయాక నెల్లూరు నుంచి తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. ఆర్నెల్ల కిందట ఇక్కడ కంటి ఆస్పత్రిలో చూపిస్తే గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అన్నారు. రెండు కళ్ళకీ రెండు రకాల చుక్కలు రాశారు. లాటనోప్రోస్ట్ రాత్రి ఒకసారి, టిమొలాల్ పొద్దున, సాయంత్రం. అక్కడ అన్నీ తమిళంలో చెప్పారు, ఆవిడకు సగం అర్థం కాలేదు. మందు తనే వేసుకుంటానంటారు, నన్ను దగ్గరికి రానివ్వరు. 5 మి.లీ. టిమొలాల్ సీసా పన్నెండు రోజులకే అయిపోతోంది. కళ్ళు ఎర్రబడి మండుతున్నాయని, పక్కింటావిడ చెప్పిన ఇంకేవో చుక్కలు మందుల షాపులో కొని అవి కూడా వేసుకుంటున్నారు. "ఇన్నాళ్ళు వేసినా చూపు ఇసుమంత కూడా పెరగలేదు, ఎందుకీ దండగ" అని వారం నుంచి ఒకపూట వేస్తే ఇంకోపూట మానేస్తున్నారు. మానేస్తే ఏమవుతుంది? అసలు ఎలా వేసుకోవాలి? ఇంకో మాట. ఆవిడకు ఎప్పటి నుంచో ఉబ్బసం ఉంది, పఫ్ వాడతారు. ఈమధ్య మా రెండో అంతస్తు మెట్లెక్కితే బాగా ఆయాసపడుతున్నారు. వయసు వల్లేనేమో.
— పేరు వద్దన్న ఒక కోడలు

జవాబు: చూడమ్మా, మీరు చివర్లో "ఇంకో మాట" అంటూ రాశారే, నేను ముందు పట్టుకునేది ఆ మాటనే. ఆ ఆయాసం వయసు వల్ల కాకపోవచ్చు. టిమొలాల్ వల్ల కావచ్చు.

టిమొలాల్ నలభై ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్న మంచి మందు. కంట్లో ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది, ధర కూడా తక్కువే. కానీ అది బీటా బ్లాకర్ జాతి మందు. బీపీకి, గుండెదడకు ఇచ్చే కొన్ని మాత్రలకు చుట్టం. ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయేలా చేయగలదు, గుండె కొట్టుకునే వేగాన్ని తగ్గించగలదు. పైగా ఆవిడ పీల్చే పఫ్ ఆ గొట్టాలను తెరవాలని చూస్తుంటే, ఈ మందు మూయాలని చూస్తుంది. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళకు మామూలుగా దీన్ని రాయరు. రాశారంటే ఉబ్బసం సంగతి ఆ డాక్టరుకు తెలియలేదనే అనుకోవాలి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఊపిరి గురించి చెప్పాలని ఎవరికి తోస్తుంది? అందులోనూ అర్థం కాని భాషలో అడిగితే.

కాబట్టి ఈ జవాబు చదివిన రోజే ఆస్పత్రికి ఫోన్ చేయండి. "మా అత్తగారికి ఉబ్బసం ఉంది, టిమొలాల్ వేసుకుంటున్నారు, ఆయాసం వస్తోంది" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి. వాళ్ళతో మాట్లాడేదాకా టిమొలాల్ తర్వాతి చుక్క వేయకండి. రాత్రి వేసే లాటనోప్రోస్ట్ మాత్రం ఆపకండి. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందకపోయినా, పిల్లికూతలు వినిపించినా, కళ్ళు తిరిగి పడబోయినా ఫోన్లతో కాలం గడపకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, చేతిలో ఆ చుక్కల సీసా ఉండాలి. ఎమర్జెన్సీలో ఉన్నవాళ్ళు "ఏం మాత్రలు వాడుతున్నారు" అనే అడుగుతారు. చుక్కల మందును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీరే గుర్తుచేయాలి. టిమొలాల్ పనికిరాకపోతే వేరే దారులు లేవని కంగారు పడకండి. బ్రింజోలమైడ్, డోర్జోలమైడ్, బ్రిమోనిడిన్ అని వేరే జాతుల చుక్కలు ఉన్నాయి. సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఆ మొదటి రెండూ సల్ఫాకు దగ్గరి మందులు.

కంట్లో వేసిన చుక్క ఊపిరితిత్తుల దాకా ఎలా వెళ్ళిందని అత్తగారు అడుగుతారు. మనం ఏడిస్తే ముక్కు ఎందుకు కారుతుందో అడగండి. కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన, సన్నటి కాలువ ఒకటి ఉంది. కన్నీళ్ళు ఆ దారినే ముక్కులోకి, గొంతులోకి దిగుతాయి. చుక్కల మందూ అదే దారి పడుతుంది. ముక్కు లోపలి పొర దాన్ని తిన్నగా రక్తంలోకి పీల్చేసుకుంటుంది. మింగిన మాత్రకైతే మధ్యలో కాలేయం ఉండి కొంత విరిచేస్తుంది, దీనికి ఆ అడ్డు కూడా లేదు. మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదుగా తగిలితే అది కంట్లో ఉండాల్సిన మందు కిందికి దిగిపోయిందని అర్థం.

ఇక రెండో తొందర పని, పక్కింటావిడ చెప్పిన చుక్కలు. ఆ సీసా తెచ్చి వెలుతురులో పట్టుకుని సన్నక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. వేసుకోగానే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, అబ్బ ఎంత మంచి మందో అనిపిస్తుంది. లోపల మాత్రం కంటి ఒత్తిడి పెరుగుతుంది. అందరికీ కాదు గానీ, గ్లకోమా ఉన్నవాళ్ళలో ఇలా పెరిగే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఒక చేత్తో ఒత్తిడి తగ్గించే మందు, ఇంకో చేత్తో పెంచే మందు వేసుకుంటున్నట్టు. పక్కింటావిడకు శుక్లం ఆపరేషన్ అయ్యాక డాక్టరు కొన్ని వారాలకు రాసి ఉంటారు, ఆవిడకు అది సరైనదే. మీ అత్తగారికి కాదు. ఆ సీసా పారేయకండి, డాక్టరుకు చూపించి ఎన్నాళ్ళు వేశారో చెప్పండి. దాచిపెడితే, ఒత్తిడి ఎక్కువ కనిపించినప్పుడు అసలు మందే పనిచేయలేదనుకుని ఇంకో మందు కలుపుతారు.

ఆ ఎరుపూ మంటా మాత్రం ఉత్తి భ్రమ కాదు. లాటనోప్రోస్ట్ కొందరికి మొదట్లో కళ్ళు ఎర్రబరుస్తుంది. చుక్కల్లో మందు చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్ కళ్ళను పొడిబారుస్తుంది. అది లేని చుక్కలు కూడా దొరుకుతాయి, అడగండి. ఇంకొన్నాళ్ళకు రెప్ప వెంట్రుకలు పొడుగ్గా, ఒత్తుగా పెరగొచ్చు, రెప్పల చుట్టూ చర్మం నల్లబడొచ్చు. ఇవి ముందే చెప్పి ఉంచితే ఆవిడ అద్దంలో చూసుకుని బెదిరిపోరు.

"చూపు పెరగలేదు, ఎందుకీ దండగ" అన్నారే, కంటి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన ఇరవైయేళ్ళలో ఆ మాట నేను విననివారం లేదు. ఆవిడ తప్పేం లేదమ్మా. శుక్లం తీస్తే మర్నాడు పట్టీ విప్పగానే లోకం తెల్లగా వెలిగిపోతుంది. మందు అంటే అలా ఉండాలని అందరికీ మనసులో ఉంటుంది. గ్లకోమా అలాంటిది కాదు. మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారు. కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూ, ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మందగిస్తే ఒత్తిడి పెరిగి, కంటి వెనక నుంచి మెదడుకు వెళ్ళే నరం పోగులు పోగులుగా చచ్చిపోతుంది. చచ్చిన పోగు మళ్ళీ బతకదు. ఆ నష్టాన్ని వెనక్కి తెచ్చే చుక్క గానీ, ఆపరేషన్ గానీ ఇవాళ లోకంలో ఎక్కడా లేదు. చుక్కలు చేసేది మిగిలిన పోగులను కాపాడటం.

పోయేది కూడా పక్కల నుంచి పోతుంది. నడిమధ్య చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే పేపరు చదవగలుగుతారు, సూదిలో దారం ఎక్కించగలుగుతారు, కానీ గుమ్మం చెక్కకు భుజం తగులుతుంది, పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చేయి తగిలి ఒలికిపోతుంది. మీ అత్తగారు ఈమధ్య అలా తట్టుకుంటున్నారేమో గమనించండి. నొప్పి ఉండదు, మసక ఉండదు. చెన్నైలోనూ, మన ఆంధ్రలోనూ ఊరూరా తిరిగి చేసిన సర్వేల్లో, గ్లకోమా ఉన్న నూరు మందిలో తొంభై మందికి పైగా తమకు జబ్బు ఉన్నట్టే తెలియదని తేలింది. మీ అత్తగారికి తెలిసింది. అది ఆవిడ అదృష్టం.

మానేస్తే ఏమవుతుందని కదూ అడిగారు. ఆ రోజు ఏమీ కాదు, ఆ వారం కూడా ఏమీ తెలియదు. అదే దీనితో వచ్చిన చిక్కు. బీపీ మాత్ర మానేసినట్టే, ఒత్తిడి కొద్ది రోజుల్లో మెల్లగా పాత చోటికి పోతుంది, నరం మళ్ళీ నలగడం మొదలవుతుంది. ఒత్తిడిని పాదరసం కొలతలో ఒక్క మిల్లీమీటరు తగ్గించినా జబ్బు ముదిరే ప్రమాదం దాదాపు 10 శాతం తగ్గుతుందని స్వీడన్‌లో ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనం చెప్పింది. అత్తగారికి ఈ అంకెలు అక్కర్లేదు. "చూపు పెరగలేదు, నిజమే. తగ్గలేదు కూడా కదా అత్తయ్యా" అని చెప్పి చూడండి. ఎగ్మూరులో ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది చూశారా, 1819 నాటిది. అక్కడ పనిచేసిన ఇలియట్ అనే డాక్టరు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, కంట్లో నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రం చేసే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చారు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు ఒకటో రెండో చుక్కల మందులు తప్ప ఉండేవి కావు. రాత్రి ఒక్క చుక్కతో సరిపెట్టగలిగే మందు మన చేతిలోకి వచ్చి ఇంకా ముప్పై ఏళ్ళే.

ఇక సీసా పన్నెండు రోజులకే అయిపోవడం. 5 మి.లీ. సీసాలో ఎంత తక్కువ వేసుకున్నా నూరు చుక్కలు ఉంటాయి. రెండు కళ్ళకీ రెండు పూటలు, రోజుకు నాలుగు. పాతిక రోజులు రావాలి. పైగా వారం నుంచి ఒకపూట మానేస్తున్నారు కూడా! ఒకసారి సీసా మూత తీసి మొన చూడండి. నా అనుమానం, అక్కడ పెద్ద రంధ్రం ఉంటుంది. మనకు దొరికే చాలా సీసాలకు మొన మూసేసి ఉంటుంది, మూత లోపల ఒక చిన్న ముల్లు ఉంటుంది. మూతను బిగించి చివరిదాకా తిప్పితే ఆ ముల్లే సన్నటి రంధ్రం చేస్తుంది. ఈ సంగతి తెలియక పిన్నీసుతో పొడుస్తారు, బ్లేడుతో కోస్తారు. మా వార్డులో ఒక పెద్దాయన మంగళసూత్రం పిన్నుతో పొడిచిన సీసా తెచ్చి చూపించారు, నొక్కీ నొక్కకముందే మూడేసి చుక్కలు జారేవి. రంధ్రం పెద్దదైతే చుక్క పెద్దది, డబ్బు దండగ, పిన్ను మురికి మందులోకి. కొత్త సీసా తెచ్చిన రోజు మూత మీరు తిప్పి ఇవ్వండి.

వేసే పద్ధతి చెబుతాను, ఒకసారి మీరు నిదానంగా చదివి, ఆవిడ పక్కన కూర్చుని చేయించండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కూర్చుని తల ఎత్తడం కంటే, ఆ వయసులో మంచం మీద వెల్లకిలా పడుకోవడం తేలిక. ఎడమచేతి చూపుడువేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే లోపల చిన్న జేబులా ఏర్పడుతుంది. చుక్క పడాల్సింది ఆ జేబులో, నల్లగుడ్డు మీద కాదు. సీసా పట్టుకున్న చేతి మణికట్టును నుదుటికి ఆనిస్తే వణకదు. చూపు పైకి, ఫ్యాను వైపు. మొన రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ తగలకూడదు, తగిలితే క్రిములు సీసాలోకి పోతాయి. ఒక్క చుక్క. ఆ ఒక్కదానిలోనే కన్ను పట్టగలిగినదానికన్నా ఎక్కువ మందు ఉంటుంది. రెండోది వేస్తే అది చెంప మీదికో గొంతులోకో పోతుంది.

చుక్క పడగానే అందరూ టపటపా రెప్పలు కొడతారు. అది మందును కాలువలోకి పంపు కొట్టినట్టు తోసేస్తుంది. కళ్ళు మెల్లగా మూసుకుని, కంటి లోపలి మూలను, ముక్కు ఎముక పక్కన, వేలి కొసతో నొక్కి పట్టుకోవాలి. రెండు నిమిషాలు. ఇందాక చెప్పిన కాలువ అక్కడే ఉంది, దాన్ని మూసేస్తున్నాం. మందు కంట్లోనే ఉంటుంది, ఒంట్లోకి పోయేది బాగా తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆవిడ విష్ణు నామాలో, హనుమాన్ చాలీసా సగమో చదువుకోవచ్చు. తర్వాత చెంప మీదికి కారింది తుడిచేయాలి, ముఖ్యంగా లాటనోప్రోస్ట్, చర్మం నల్లబడేది దానివల్లే. చెయ్యి మరీ వణికితే ఇంకో ఉపాయం ఉంది. కళ్ళు మూసుకుని పడుకుని లోపలి మూలలో చుక్క వేసుకుని, అప్పుడు కళ్ళు తెరిస్తే మందు లోపలికి జారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే చల్లగా తగిలి చుక్క పడిందో లేదో ఆవిడకే తెలుస్తుంది.

ఏ పూటైనా రెండు మందులు ఒకేసారి వేయాల్సి వస్తే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, పది అయితే ఇంకా మంచిది. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. లాటనోప్రోస్ట్ ఒక రాత్రి మర్చిపోతే మర్నాటి రాత్రి మామూలుగా ఒక్క చుక్కే. రెండు వేయకూడదు, రోజుకు ఒకసారి కంటే ఎక్కువ వేస్తే దాని పని పెరగదు సరికదా తగ్గుతుంది.

తెరవని లాటనోప్రోస్ట్ సీసా మామూలుగా ఫ్రిజ్‌లో ఉండాలి, బయట ఉంచదగ్గ రకాలు కూడా ఉన్నాయి, పెట్టె మీద రాసి ఉంటుంది. తెరిచాక 25 డిగ్రీలు మించని చోట అని ఉంటుంది. మన చెన్నైలో అలాంటి చోటు ఫ్రిజ్ తలుపే. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నెల దాటాక మందు మిగిలినా పారేయండి. ఆవిడ నెల్లూరు వెళ్ళి వచ్చేటప్పుడు సీసా చేతిసంచిలోనే ఉండాలి, ఎండ పడే కిటికీ పక్కన కాదు. చెవి చుక్కలు, జిగురు సీసాలు ఈ మందుతో పాటు ఒకే డబ్బాలో పెట్టకండి. చూపు తగ్గిన మనిషి చీకట్లో ఏది తీస్తారో చెప్పలేం. రాత్రి మందు సీసాకు రబ్బరు బ్యాండు ఒకటి చుట్టండి, చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది.

ఏకాదశి ఉపవాసం ఉన్నా చుక్కలు మానకూడదు. పరీక్షకు వెళ్ళే రోజు కూడా మానకూడదు, మందు మీద ఒత్తిడి ఎంత ఉందో చూడటానికే వాళ్ళు పిలుస్తారు. నందివర్ధనం పూలు, తేనె, ఆముదం లాంటివేవీ కంట్లో వద్దు. పొద్దున్నే లీటరు నీళ్ళు ఒకే బిగిన తాగే అలవాటు ఉంటే కొంచెం కొంచెంగా తాగమనండి, ఒక్కసారిగా తాగితే కంటి ఒత్తిడి కాసేపు పెరుగుతుంది. కన్ను హఠాత్తుగా విపరీతంగా నొప్పి పుట్టి, ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులైతే అది వేరే రకం గ్లకోమా, అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

చుక్కలు ఆవిడకు ఏ విధంగానూ పడకపోతే, కంట్లో నీరు బయటికి పోయే దారిని మెరుగుపరిచే లేజర్ చికిత్స సంగతి అడగండి. మొదటే లేజర్ చేయించుకున్నవాళ్ళలో నలుగురికి దాదాపు ముగ్గురు మూడేళ్ళ తర్వాత కూడా చుక్కలు లేకుండానే ఉండగలిగారని ఇంగ్లండులో 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. అందరి కంటికీ అది సరిపడదు, ఆవిడ కంటికి సరిపడుతుందో లేదో డాక్టరే చెప్పాలి.

ఈసారి ఆస్పత్రికి మీరు కూడా వెళ్ళండి. వాడుతున్న అన్ని సీసాలు, పఫ్, షుగరు, బీపీ మాత్రలు ఉంటే అవి, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి బల్ల మీద పరవండి. చెన్నై కంటి ఆస్పత్రుల్లో తెలుగు వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, నోరు తెరిచి అడగాలి. "మా అత్తగారు చుక్క ఎలా వేసుకుంటున్నారో మీ ముందు వేసి చూపిస్తారు, చూడండి" అని నర్సును అడగండి. నేను అలా చూడబట్టే, రెండేళ్ళుగా మూసిన రెప్ప మీద మందు వేసుకుని తుడుచుకుంటున్న ఒకావిడ సంగతి బయటపడింది. ఏ పూట ఏ మందో తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆవిడ తనే వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. మొగుడు పోయి, ఊరు వదిలి వచ్చిన మనిషి, తన కంటికి తను మందు వేసుకోగలనన్న ధైర్యం ఆవిడ దగ్గర ఉండాలి. మీరు పక్కన నిలబడి ఆ రెండు నిమిషాలూ గడియారం చూస్తే చాలు.

మీ ఆయన వయసు ఎంతో రాయలేదు. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. కన్నతల్లికి ఉందంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా రెట్లు ఎక్కువ. నలభై దగ్గర పడితే, అదే రోజు అదే కౌంటర్లో ఆయనకు కూడా చీటీ రాయించండి. ఉత్త అద్దాల పరీక్ష సరిపోదు, కంట్లో చుక్కలు వేసి వెనక నరం కూడా చూడమని చెప్పండి. ఆడపడుచులు నెల్లూరులో ఉంటే వాళ్ళకూ ఫోన్ చేసి చెప్పండి.